పాత పడవకి ఆది జాకెట్టు

ముందు చప్పుడు వినిపించింది. కొబ్బరి చిప్పని బండ మీద గీకినట్టు గర్రుమని ఒకటి, వెంటనే ఫట్‌మని ఇంకొకటి. పడవ ముక్కు మీద నిలబడినంత పని చేసి, ఆగి, మళ్లీ కదిలింది. నేను ట్రాంపొలీన్ మీద, అంటే పడవ మధ్యలో బిగించిన గుడ్డ మీద జారి, తెరచాప కట్టే మాస్టుకి భుజం కొట్టుకున్నాను. నా పడవకి తేలే డొల్లలు రెండు, హల్‌లు అంటారు. లేచి చూస్తే ఎడమ హల్‌లో నిలువుగా దిగి ఉండాల్సిన డాగర్ బోర్డు అనే పలకలో పైముక్క మాత్రమే గూట్లో ఉంది. కింది ముక్క మా వెనకాల తెల్లగా, చచ్చిన చేపలా తేలుతోంది.

అమెరికాలో టెక్సాస్ తీరాన ఉన్న గాల్వెస్టన్ బేలో ఇదేం వింత కాదు. ఒడ్డున నిలబడి చూస్తే సముద్రమే అనిపిస్తుంది గానీ, చాలా చోట్ల లోతు రెండు మూడు మీటర్లే. అడుగున ఆల్చిప్పల దిబ్బలు. హ్యూస్టన్ వెళ్లే పెద్ద ఓడల కోసం మధ్యలో లోతుగా కాలువ తవ్వి ఉంచారు. ఆ కాలువకి అటూ ఇటూ మాలాంటి చిన్న పడవల వాళ్లం తిరుగుతుంటాం. ఆ రోజు టెక్సాస్ సిటీ డైక్ దగ్గర నుంచి బయల్దేరాను. ఆగ్నేయం గాలి బాగుంది కదా అని అడ్డదారి పట్టాను. ఆటు సమయమని చూసుకోలేదు. ఇక్కడ ఆటుకీ పోటుకీ తేడా మహా అయితే అడుగో అడుగున్నరో. ఆ అడుగే నా కొంప ముంచింది.

పడవ సంగతి చెప్పాలి. అది హోబీ 18. పద్దెనిమిది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, బరువు 180 కిలోల పైచిలుకు. హల్ వెనక చెక్కిన నంబరు 85తో ముగుస్తుంది కాబట్టి 1985 మోడల్. అంటే నేను విశాఖలో రెండో తరగతి చదువుతున్నప్పటిది. ఈ రకం పడవలు మొదలుపెట్టిన హోబీ ఆల్టర్ మొదట్లో కాలిఫోర్నియాలో సర్ఫ్ బోర్డులు చేసేవాడు. నురుగు దిమ్మని చెక్కి, పైన గాజుపీచు గుడ్డ పరిచి, రెసిన్ పూసే పని ఆయనకి అక్కడే చేతికొచ్చింది. తర్వాత ఆ చేత్తోనే పడవలు చేశాడు. ఆయన కంపెనీ పడవల్లో హోబీ 16 అందరికీ తెలిసినది. దాని హల్‌లు అరటిపండులా వంపు తిరిగి ఉంటాయి, డాగర్ బోర్డులు ఉండవు. 18 తర్వాత వచ్చింది, 1976లో. దీనికి హల్‌కొక డాగర్ బోర్డు. పడవ గాలికి పక్కకి కొట్టుకుపోకుండా నీళ్లలోకి దిగే రెక్క అన్నమాట. ఇప్పుడు 18 తయారీ లేదు. నాకు ట్రెయిలర్‌తో సహా 900 డాలర్లకి వచ్చింది. అంత చవకగా ఎందుకు వచ్చిందో కొన్నాక తెలిసింది.

ఇలాంటి జంట పడవని కటమరాన్ అంటారు. ఆ మాట తమిళుల కట్టుమరం నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిందని తెలిసిందే. మా వైపు జాలర్లు దాన్ని తెప్ప అంటారు. దానికి రెండు హల్‌లూ ఉండవు, ట్రాంపొలీనూ ఉండదు. నాలుగు దుంగలు పక్కపక్కన పెట్టి తాడుతో కట్టినది. చిన్నప్పుడు సాయంత్రం బీచికి వెళ్తే తెప్పని ఒడ్డుకి లాగి, కట్లు విప్పేసి, దుంగల్ని విడివిడిగా ఇసకలో ఆరబెట్టేవాళ్లు. నీళ్లు పీల్చిన దుంగ బరువెక్కుతుంది, అందుకని. ఒక దుంగ పుచ్చిపోతే దాన్నొక్కదాన్నీ మార్చేవాళ్లు. నా హోబీ కూడా విప్పుకునే పడవే. రెండు హల్‌లు, మధ్యలో అల్యూమినియం దూలాలు, బోల్టులు. కాకపోతే పుచ్చిన దుంగకి బదులు ఇంకో దుంగ తెచ్చుకోవడానికి ఇక్కడ అడవి లేదు.

విరిగిన బోర్డుకి బదులు పాతది ఎక్కడైనా దొరుకుతుందేమోనని మూడు వారాలు వెతికాను. ఫ్లోరిడాలో ఒకాయన దగ్గర ఒకటి ఉంది. దాని ధర కన్నా పార్సిల్ ఖర్చు ఎక్కువ, పైగా ఫోటోలో దాని అంచు కొరికేసిన రొట్టెలా ఉంది. మిచిగన్‌లో ఇంకొకాయన జత అయితేనే ఇస్తానన్నాడు. ఇలా కాదు, నేనే చేసుకుంటా అనుకున్నాను. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అప్పటికి నేను వడ్రంగం పని చేసింది ఒకే ఒక్కసారి, ఐకియా అల్మరా బిగించినప్పుడు.

పెద్ద పనికి చేతులు అలవాటు కావాలని ముందు చిన్న పని పెట్టుకున్నాను. కుడి చుక్కాని కిందికి దించితే లాక్ పడటం లేదు. హోబీ చుక్కాని తెలివైన వస్తువు. అల్యూమినియం పోత భాగాల మధ్య క్యామ్ అనే చిన్న ప్లాస్టిక్ తిరుగుడు ముక్క ఉంటుంది, దాన్ని ప్లంజర్ అనే స్ప్రింగున్న కడ్డీ నొక్కి పెట్టి ఉంచుతుంది. చుక్కాని నేలకి తగిలితే క్యామ్ ఆ ఒత్తిడికి లొంగి వదిలేస్తుంది, చుక్కాని పైకి లేచిపోతుంది. ఏదీ విరగదు. నా క్యామ్ ముక్కు అరిగిపోయి, ఊరికే వదిలేస్తోంది.

మా దగ్గరి కౌంటీ లైబ్రరీలో త్రీడీ ప్రింటర్లు ఉన్నాయి. పాత క్యామ్‌ని కొలిచి, కంప్యూటర్లో గీసి, పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ తీశాను. ముచ్చటగా వచ్చింది. కారు డాష్‌బోర్డు మీద పెట్టి ఆఫీసుకి వెళ్లాను. అది ఆగస్టు, హ్యూస్టన్. సాయంత్రానికి అది అప్పడంలా వంకర తిరిగింది. పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుందని ఆ రోజు చదివాను. రెండోసారి పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్‌తో తీశాను. అది ఎండకి ఆగింది గానీ, ప్లంజర్ గట్టిగా నొక్కేసరికి పొరకి పొర విడిపోయింది, బాగా ఉడికిన ఉల్లిపాయలా. మూడోసారి పట్టుదలకి పోయి డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ కడ్డీ కొన్నాను. నీళ్లు దాదాపు పీల్చదు, జారుడుగా ఉంటుంది, గేర్లకీ బేరింగులకీ వాడతారు. ఒక మేకర్‌స్పేస్‌లో, అంటే సభ్యులంతా పనిముట్లు పంచుకునే వర్క్‌షాపులో, సభ్యత్వం తీసుకుని మూడు శనివారాలు మిల్లింగ్ మెషీన్ మీద చెక్కాను. అద్దంలా వచ్చింది. బిగించాను. లాక్ పడలేదు.

ఒడ్డున మాకు తోడుండే ముసలాయన ఒకాయన ఉన్నాడు. డెబ్బై దాటాయి, హోబీలు నలభై ఏళ్లుగా నడుపుతున్నాడు. నా డెల్రిన్ క్యామ్‌ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "పని బాగుంది. కానీ ఎందుకు చేశావు? ఇది 16లో వాడేదే. కొత్తది దొరుకుతుంది" అన్నాడు. నాలుగు రోజుల్లో పోస్టులో వచ్చింది. నా మూడు శనివారాల ఖరీదు దాని ధర కన్నా ఎన్ని రెట్లో లెక్క వేయలేదు, వేయను కూడా. అయితే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. కొత్తదాని ముక్కు నా దానికన్నా రెండు మిల్లీమీటర్లు నిండుగా ఉంది. పాత క్యామ్ ఆకారంతో పాటు దాని అరుగుదలని కూడా నేను శ్రద్ధగా కాపీ కొట్టాను.

అప్పుడు అమ్మ మా ఇంట్లోనే ఉంది, ఆరు నెలలు ఉండటానికి వచ్చింది. విషయం చెప్తే నవ్వింది. "ఆది జాకెట్టు ఇచ్చి కుట్టించుకున్నట్టుందిరా నీ పని. పాతది సాగిపోయి ఉంటే టైలరు సాగిన కొలతకే కుడతాడు. అందుకే మనిషిని కొలవమంటాను నేను" అంది. అమ్మ ఇరవై ఏళ్లు మా వీధి వాళ్లందరికీ జాకెట్లు కుట్టింది. ఆ మాట నాకు పడవ పుస్తకాల్లో దొరకలేదు.

ఎందుకంటే డాగర్ బోర్డు విషయంలో నేను సరిగ్గా అదే చేయబోతున్నాను. ఎడమది విరిగింది, కుడిది ఉంది కదా, దాన్ని చూసి చేసేద్దాం అనుకున్నాను. అమ్మ మాట విన్నాక కుడిదాన్ని బల్ల మీద పెట్టి స్కేలు ఆనించి చూశాను. ముందు అంచు ఇసకకి అరిగి ఒక వైపుకి వాలింది. కింది కొన దగ్గర ఎవరో ఎప్పుడో అతుకు వేసి, ఆ అతుకు ఎక్కువై గీకేశారు. వెనక అంచు ఒక చోట మందం, ఒక చోట చాకు. ఇది బోర్డు కాదు, నలభై ఏళ్ల చరిత్ర.

ఇక్కడ కొలవాల్సిన మనిషి ఎవరు? హల్‌లో బోర్డు దిగే గూడు. అది అరగదు. గూడు పొడవు చూస్తే బోర్డు ఎంత వెడల్పు ఉండాలో తెలుస్తుంది, గూడు వెడల్పు చూస్తే ఎంత మందం ఉండాలో తెలుస్తుంది. పైన, కింద రెండు చోట్లా కొలిచాను. ఇక మిగిలింది ఆకారం. దానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఇప్పటి నాసాకి ముందున్న నాకా సంస్థ 1930లలోనే విమానం రెక్కల ఆకారాలు లెక్క కట్టి పెట్టింది. 0012 అంటే రెండు వైపులా ఒకేలా ఉబ్బి, మందం వెడల్పులో 12 శాతం ఉండే రెక్క. అన్నిటికన్నా లావైన చోటు ముందు అంచు నుంచి 30 శాతం దూరంలో వస్తుంది. గాలికి పనిచేసేది నీళ్లకీ పనిచేస్తుంది. నా గూటి కొలతలకి సరిపోయే శాతం తీసుకుని, ఆ ఆకారాన్ని నిజం సైజులో కాగితం మీద ప్రింట్ తీశాను. అమ్మ కత్తెర తీసుకుని గీత మీద ఇటూ అటూ పోకుండా కత్తిరించి ఇచ్చింది. దాన్ని హార్డ్‌బోర్డు మీద అతికించి అచ్చులు చేసుకున్నాను.

చెక్కకి వెస్టర్న్ రెడ్ సీడర్ తీసుకున్నాను. తేలిక, నిలువు పీచు, చిత్రికకి వెన్నలా లొంగుతుంది. ఒకే పలక వాడితే వంగుతుందని, అంగుళన్నర పట్టీలుగా కోసి, ఒకదాన్ని తిన్నగా ఒకదాన్ని తిరగేసి పక్కపక్కన ఎపాక్సీతో, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురుతో, అతికించాలి. ఒకటి ఇటు వంగాలని చూస్తే పక్కది అటు లాగుతుంది. ఉమ్మడి కుటుంబంలా. అతికించేటప్పుడు ఎపాక్సీలో సిలికా పొడి కలిపి వేరుశెనగ వెన్న చిక్కదనానికి తెచ్చాను, లేకపోతే కారిపోతుంది.

చెక్కడమే అన్నిటికన్నా సుఖమైన భాగం. నేను భయపడింది కూడా దానికే. దానికో చిట్కా ఉంది. ముందే బోర్డు పొడవునా అక్కడక్కడా రౌటర్ అనే చెక్క తొలిచే మెషీన్‌తో గాళ్లు తీయాలి. ప్రతి గాడి లోతూ అచ్చు మీద ఆ చోట ఎంత చెక్క పోవాలో అంత. తర్వాత కళ్లు మూసుకుని చిత్రిక పట్టడమే. గాళ్లు మాయమైతే ఆకారం వచ్చేసినట్టు. చివర్లో అచ్చుకి పెన్సిల్ గ్రాఫైట్ రాసి బోర్డు మీద ఆడిస్తే ఎత్తుగా ఉన్న చోట నల్ల మరక పడుతుంది. అక్కడ శాండ్‌పేపర్. రెండు వారాంతాలు గరాజంతా సీడర్ వాసన. మా అబ్బాయి ఆ పొట్టు సంచిలో నింపుకుని బళ్లోకి పట్టుకెళ్లాడు, ఎందుకో అడగలేదు.

గాజుగుడ్డ వేసే రోజు మాత్రం అభాసుపాలయ్యాను. నేను వాడిన ఎపాక్సీలో 5 పాళ్ల రెసిన్‌కి 1 పాలు హార్డెనర్ కలపాలి. నా దగ్గరున్నది త్వరగా గట్టిపడే హార్డెనర్. మాటిమాటికీ కలపడం ఎందుకని పెద్ద ప్లాస్టిక్ కప్పులో ఒకేసారి కలిపేశాను. గరాజులో 35 డిగ్రీలు. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా త్వరగా గట్టిపడుతుంది, దాంతో ఇంకా వేడి. వెడల్పు పళ్లెంలో పలచగా పోస్తే వేడి బయటికి పోతుంది. కప్పులో పోసి కూర్చుంటే పోదు. బ్రష్ ముంచి మూడు సార్లు పూసేసరికి కప్పులోంచి పొగ. కప్పు అడుగు కరిగి సిమెంటు నేలకి అతుక్కుంది. అది ఇప్పటికీ అక్కడే ఉంది. గుడ్డ సగం తడిసి, సగం తెల్లగా నిలబడిపోయింది. మొత్తం గీకేసి, నెమ్మదిగా గట్టిపడే హార్డెనర్ కొని, రాత్రి పదకొండు గంటలకి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి చిన్న చిన్న మోతాదులు.

ఇంకో చిన్న సంగతి, ఎవరికైనా పనికొస్తుంది. ఎపాక్సీ ఆరాక పైన మైనంలాంటి జిడ్డు పొర తేలొచ్చు. దాని మీదే శాండ్‌పేపర్ రుద్దితే కాగితం నిండిపోతుంది, తర్వాత వేసే పొర పట్టదు. ముందు మామూలు నీళ్లతో, పీచుతో కడగాలి. అంట్లు తోమినట్టే.

బలం గురించి నాకు అప్పటికి ఒకటే ఆలోచన. ఒకసారి విరిగింది, మళ్లీ విరగకూడదు. అందుకని బోర్డు లావుగా ఉన్న చోట రెండు వైపులా పొడవునా సన్నటి గాడి తీసి, అందులో కార్బన్ ఫైబర్ పట్టీ పరిచాను. పీచంతా ఒకే దిక్కుగా ఉండే రకం. దాని మీద రెండు పొరలు గాజుగుడ్డ. ఎపాక్సీ ఎండకి పాడవుతుంది కాబట్టి తెల్ల రంగు. చేత్తో తట్టి చూస్తే తలుపు తట్టినట్టు మోగింది. ఇంట్లో అందరికీ చూపించాను. ఫోటోలు తీసి అన్నయ్యకి పంపాను. "క్రికెట్ బ్యాటా?" అని అడిగాడు.

గూట్లో పెడితే సగం దూరం దిగి ఆగిపోయింది. కొంచెం గట్టిగా నొక్కాను. ఇప్పుడు కిందికీ పోదు, పైకీ రాదు. గూటి కొలతకి సరిగ్గా చెక్కని చెక్కాను గానీ, ఆ చెక్క మీద గుడ్డ, రంగు వేస్తే వాటికీ మందం ఉంటుందని మర్చిపోయాను. మళ్లీ ఆది జాకెట్టే, ఈసారి లైనింగ్ లెక్క వేసుకోలేదు. పడవని పక్కకి వాల్చి, బిగుసుకున్న గాజు తీసినట్టు సబ్బు నీళ్లు పోసి, కింద నుంచి చెక్క సుత్తితో తట్టి తట్టి తీశాను. రంగంతా గీకి, పైపొర పలచబరిచి మళ్లీ రంగు వేయడానికి ఇంకో వారం.

మొదటిసారి నీళ్లలో దించిన రోజు వేగం అందుకోగానే ఎక్కడో తుమ్మెద మోగినట్టు ఝుమ్మని శబ్దం. ఇంకా వేగం పెరిగితే హల్ మొత్తం మోగుతోంది, పళ్లు జివ్వుమంటున్నాయి. ముసలాయన తన పడవలోంచే అరిచాడు, "వెనక అంచు! వెనక అంచు!" అని. వెనక అంచు గుండ్రంగా వదిలేస్తే నీళ్లు దాన్ని దాటుతూ ఒకసారి ఇటు, ఒకసారి అటు సుడి తిరుగుతాయి. ఆ ఊగిసలాటకే బోర్డు పాడుతుంది. అంచుని చదునుగా కోసి, ఒక వైపుకి కాస్త ఏటవాలుగా రుద్దితే పాట ఆగిపోయింది. పావుగంట పని.

అక్టోబరు హాయిగా గడిచింది. నవంబరు మొదటి వారంలో, ఒడ్డుకి వస్తూ, ఈసారి నా తప్పేం లేకుండా (ముసలాయన ఒప్పుకోడు), మళ్లీ తగిలాను. పెద్ద చప్పుడు. పడవ ఆగిపోయింది. కిందికి వంగి చూస్తే బోర్డు చెక్కుచెదరలేదు. ముందు అంచు దగ్గర రంగు లేచింది, అంతే. ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఒడ్డుకి వచ్చి అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

తర్వాత హల్ వెనక ఉండే నీళ్ల బిరడా తీశాను. మామూలుగా ఒక గ్లాసుడు వస్తాయి. ఆ రోజు పంపు తిప్పినట్టు వచ్చాయి. ఆగవే.

గూటి వెనక మూల, హల్ అడుగున, నా అరచేతి పొడవున చీలింది. ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని వేలు పెట్టి చూసి, లేచి, నా బోర్డుని బయటికి తీసి చేత్తో వంచడానికి ప్రయత్నించాడు. వంగలేదు. "ఇందులో ఏం వేశావు?" అన్నాడు. కార్బన్ అన్నాను. ఆయన ఇంకేం అనలేదు, నా వైపు చూశాడు.

ఇంటికి వస్తూ దారంతా దాని గురించే ఆలోచించాను. బోర్డు అంటే నీళ్లలోకి దిగిన గునపం. కింది కొన ఆల్చిప్పలకి తగిలితే, హల్ అడుగు అంచు దానికి ఆనిక అవుతుంది. పాత బోర్డు ఆ దెబ్బకి తనే తెగిపోయి ఊరుకుంది. నాది తెగలేదు. బండ కింద గునపం పెట్టి లేపినట్టు, నా హల్‌ని నేనే పెకలించాను. చుక్కానిలోని ఆ క్యామ్ కూడా చెప్పింది ఇదే కదా, దెబ్బ తగిలితే లొంగి వదిలేయడమే దాని పని. దాన్ని మూడు శనివారాలు చేతిలో పట్టుకుని చెక్కి కూడా నాకు తట్టలేదు. పాత బోర్డు ముక్కని ఆ రాత్రే రంపంతో అడ్డంగా కోసి చూశాను. పైన సన్నటి గాజుపీచు పెంకు, లోపల నురుగు. ఈ పని మొదలుపెట్టకముందు చేయాల్సింది అది.

హల్ బాగుచేయడం గురించి ఎక్కువ చెప్పను, తలుచుకుంటేనే దురద పుడుతోంది. డెక్కు మీదున్న ఆరంగుళాల రంధ్రంలోంచి భుజం దాకా చెయ్యి దూర్చి, కనపడని చోట, చీలిక చుట్టూ పాత పొరని ఏటవాలుగా గీకాలి. మందానికి పన్నెండు రెట్లు వెడల్పున గీకితేనే కొత్త అతుకు గట్టిగా పడుతుంది. లోపల మూడు పొరలు, బయట మూడు పొరలు. గాజుపీచు ధూళి చొక్కాలోకి పోతే చన్నీళ్లే గతి, వేణ్నీళ్లు పోసుకుంటే ఇంకా లోపలికి పోయినట్టు ఉంటుంది. అమ్మ కొబ్బరినూనె సీసా పట్టుకొచ్చింది. "తొమ్మిది వందలకి కొన్నావన్నావు. ఇప్పటికి ఎంతయిందిరా?" అని అడిగింది. నేను మాట మార్చాను.

రెండో బోర్డు చేసేటప్పుడు బలం మీద కాదు, పోలిక మీద ధ్యాస పెట్టాను. కుడి వైపు పాత బోర్డుని బల్ల అంచుకి బిగించి, బయటికి చాపిన కొసకి అయిదు గ్యాలన్ల బకెట్ నిండా నీళ్లు పోసి వేలాడదీశాను. దాదాపు 19 కిలోలు. కొస 11 మిల్లీమీటర్లు దిగింది. నా కార్బన్ బోర్డుకి అదే బకెట్ తగిలిస్తే నాలుగు. వంగడం వేరు, విరగడం వేరు, ఆ సంగతి తెలుసు. రెండూ ఒకే కొలత కావు. కానీ ఉన్న ఒక్క మంచి బోర్డునీ విరగ్గొట్టకుండా నేను చేయగల పరీక్ష అదొక్కటే. కార్బన్ తీసేశాను. హల్ అడుగు నుంచి కిందికి ఉండే భాగానికి గాజుగుడ్డ ఒకే పొర. కొత్తది పది మిల్లీమీటర్లు దిగింది. చాలనుకున్నాను. గూటి వెనక గోడకి గట్టి రబ్బరు పట్టీ ఒకటి అతికించాను, దెబ్బ నేరుగా హల్ అంచు మీద పడకుండా. ఆ పట్టీకి చోటు కావాలి కాబట్టి బోర్డు వెడల్పు అంత మేర తగ్గించాను. ఈసారి లైనింగ్ మర్చిపోలేదు.

మిగతా పనులు చకచకా అయ్యాయి. ట్రాంపొలీన్ కుట్టు దారం ఎండకి చివికిపోతే, ఇంట్లో కుట్టు మిషను మీద కుడదామని చూశాం. అమ్మ సూది మూడో కుట్టుకే విరిగింది. కొత్తది కొనేశాను. డబ్బు లెక్క చెప్పాలంటే, చెక్క, ఎపాక్సీ, గుడ్డ, కార్బన్, పాడైన బ్రష్‌లు, మేకర్‌స్పేస్ సభ్యత్వం అన్నీ కలిపితే ఆ ఫ్లోరిడా బోర్డు పార్సిల్‌తో సహా రెండు సార్లు కొనుక్కోవచ్చు. ఆ విషయం ఇంట్లో ఇంకా ఎవరికీ తెలియదు. కార్బన్ బోర్డు గరాజులో గోడకి వేలాడుతోంది, దాని మీద మా అబ్బాయి షార్కు బొమ్మ వేశాడు.

కొత్త బోర్డు మార్చి నుంచి నీళ్లలో ఉంది. ఇంకా దేనికీ తగల్లేదు. పాడటం లేదు. తగిలితే విరుగుతుందా, మళ్లీ హల్‌నే చీలుస్తుందా అన్నది తగిలిన రోజు చూడాలి. కావాలని తగిలించే ధైర్యం లేదు. అచ్చులు మాత్రం దాచిపెట్టాను, అమ్మ కాగితం కటింగుల్లాగే నాలుగు మడతలు పెట్టి, మీద ఏ వైపో రాసి.

ఇప్పుడు మాస్టు వంతు. అడుగు భాగాన్ని మాస్టుకి పట్టి ఉంచే స్క్రూలు స్టీలువి, మాస్టు అల్యూమినియం. మధ్యలో నలభై ఏళ్ల ఉప్పు నీళ్లు. స్టీలు పక్కనున్న పాపానికి అల్యూమినియం పుచ్చిపోయి తెల్లటి పొడిగా గడ్డకట్టింది. బిగించిన వాళ్లెవరో టెఫ్‌జెల్ అనే, లోహాల్ని అలా పట్టుకోనివ్వని గ్రీజు కాస్త పూసి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. అన్నీ వచ్చాయి గానీ రెండు కదలడం లేదు. వేడి చేశాను, సుత్తితో తట్టాను. ఒకదాని తల అరిగిపోవడం మొదలుపెట్టాక భయపడి ఆపేశాను. ఇప్పుడు రోజూ రాత్రి పడుకునే ముందు గరాజుకి వెళ్లి రెండింటి మీదా చొరబడే నూనె నాలుగు చుక్కలు వేసి వస్తున్నాను. మొన్న వీడియో కాల్‌లో ఉండగానే ఆ పని చేశాను. అమ్మ విశాఖ నుంచి చూసి, "ఏటిరా, అఖండ దీపానికి పోస్తున్నావా?" అంది.

ఇవాళ్టికి పదహారో రోజు.